కర్సర్ ఆగితే అంగీకారమేనా?

మా ఆఫీసులో ఈమధ్య ఒక ఫారం మీద పెద్ద వాదనే నడిచింది. ఒక ఆసుపత్రికి ఆరోగ్య పరీక్షల కోసం వచ్చేవాళ్ళు ముందుగా నింపాల్సిన ప్రశ్నావళి అది, తయారీ మాది. షుగరుందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, ఏయే మందులు వాడుతున్నారు, ఇలా అరవై దాకా ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు రెండు మూడు జవాబులు. ఇన్ని క్లిక్కులు ఎవరు కొడతారన్న మాట వచ్చింది. మా డిజైనర్ వారం తిరక్కుండా ఒక నమూనా చేసుకొచ్చాడు. అందులో క్లిక్కన్నదే లేదు. జవాబు మీదికి కర్సర్ తీసుకెళ్ళి అరసెకను ఉంచితే చుట్టూ పచ్చటి వలయం నిండుతుంది, ఆ జవాబు ఎంపికైపోతుంది, పేజీ దానంతటదే తర్వాతి ప్రశ్నకు జరుగుతుంది. మీటింగు రూములో పెద్ద తెర మీద అతను చకచకా నింపుకుంటూ పోతుంటే చూడముచ్చటగా ఉంది. చప్పట్లు కూడా కొట్టారు.

నేను వద్దన్నాను. ఎందుకో పూర్తిగా చెప్పేలోపు మీటింగు టైము అయిపోయింది. అక్కడ చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. మౌసును ఆపి ఎంచుకోవడం మంచి సదుపాయమే. కాకపోతే అది కావాల్సిన మనిషి తన మిషన్లో తన వేగానికి తగ్గట్టు తనే పెట్టుకోవాలి. వెబ్ పేజీ దాన్ని వచ్చినవాళ్ళందరి మీదా రుద్దకూడదు. అందులోనూ జవాబులకు విలువుండే ఫారాల్లో అసలు కూడదు.

కొట్టిపారేసే ఆలోచన కాదు

క్లిక్ లేకుండా పని జరగాలన్న కోరిక కొత్తది కాదు. 2005 ప్రాంతంలో డోంట్‌క్లిక్.ఇట్ అని ఒక సైటుండేది. అప్పట్లో కదిలే బొమ్మల సైట్లకు వాడే ఫ్లాష్‌లో మొత్తం చేసింది. ఎక్కడా నొక్కకుండా, కర్సర్ కదలికతోనే సైటంతా తిరగమనేది. అలవాటు కొద్దీ వేలు నొక్కబోతుంటే ఆపుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసేది. అది ప్రయోగం. వచ్చినవాళ్ళకు అది ప్రయోగమని తెలుసు. తప్పు చోటికి వెళ్ళినా పోయేదేమీ లేదు.

పరిశోధనల్లోనూ దీనికి బలముంది. జానీ అకో, షూమిన్ జాయ్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక పత్రం ప్రచురించారు. గురి మీదికెళ్ళి నొక్కడానికి బదులు, ఒక గీతను దాటడమే ఎంపికగా తీసుకుంటే వేగం ఏమీ తగ్గదని, కొన్ని అమరికల్లో ఇంకా పెరుగుతుందని అందులో కొలిచి చూపించారు. కాబట్టి "క్లిక్ చేస్తేనే కచ్చితం, లేకపోతే గందరగోళం" అని నేను వాదిస్తే నిలవదు. నొక్కడమన్నది ఒక పద్ధతి, అంతే. వేరే పద్ధతులుండొచ్చు.

కానీ గీత దాటడానికీ, ఒకచోట ఆగిపోవడానికీ చాలా తేడా ఉంది. దాటడం మనిషి చేసే పని. ఆగడం చాలాసార్లు మనిషి ఏమీ చేయకపోవడం. మీటింగు రూములో డెమో అంత బాగా రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. చూపించే అతనికి జవాబులన్నీ ముందే తెలుసు. చదవక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. అతని కర్సర్ ఆగిన ప్రతిచోటా ఎంచుకోవడానికే ఆగింది. నిజంగా ఫారం నింపే మనిషి కర్సర్ చాలాసార్లు వేరే కారణాలకు ఆగుతుంది.

చదివే చెయ్యి

మా పెద్దనాన్న ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లోనే ఉంటున్నారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, కంప్యూటరు ఆయనకు కొత్తేం కాదు. పుస్తకమైతే వేలు పెట్టి చదువుతారు. తెర మీద ఆ పని కర్సర్‌తో చేస్తారు. అక్షరాల కింద బాణం నెమ్మదిగా కుడికి జరుగుతుంది, తెలియని మాట దగ్గర ఆగుతుంది, కాస్త వెనక్కొస్తుంది, మళ్ళీ కదులుతుంది. ఈ అలవాటు ఆయన ఒక్కడిదే అనుకోకండి. ఆఫీసులో పక్కసీటు వాళ్ళు పెద్ద ఈమెయిల్ చదివేటప్పుడు ఒకసారి గమనించండి, చాలామంది ఇలాగే చదువుతారు.

ఆ నమూనా లింకు ఇంటికి తెచ్చి, తెలుగు వెర్షన్ తెరిచి ఆయన ముందు పెట్టాను. మా ఫారం కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు, అన్నిట్లోనూ ఉంటుంది. ఇంగ్లీషులో ఒక మాటలో అయిపోయే జవాబు తెలుగులో సగం వాక్యం అవుతుంది. అంటే ఆ వరసలో చదవడానికి పట్టే సమయం ఎక్కువ, కర్సర్ అక్కడ ఉండే సమయమూ ఎక్కువ. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బరువుగా గానీ నొప్పిగా గానీ అనిపించిందా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చారు. కింద జవాబులు మూడు. "ఎప్పుడూ అనిపించలేదు" మీదుగా చదువుకుంటూ దిగి "అప్పుడప్పుడు అనిపించింది" మీద ఆగారు. తల వంటింటి వైపు తిప్పి, "ఏమేవ్, కావలి పెళ్ళిలో నాకు పట్టేసింది చూడు, అది గ్యాసనే కదా డాక్టరన్నాడు?" అని అడిగారు. లోపల్నుంచి పెద్దమ్మ "గ్యాసే. అన్నేసి వడలు తింటే మరేమవుద్ది" అంది. ఈయన మళ్ళీ తెరవైపు తిరిగేసరికి వలయం నిండిపోయింది, ఆ జవాబు పడిపోయింది, తర్వాతి ప్రశ్న వచ్చి కూర్చుంది.

"నేనేం నొక్కలేదే అమ్మాయ్" అన్నారు.

నిజమే, ఆయనేం నొక్కలేదు. ఆలోచించారు, అడిగి తెలుసుకున్నారు. ఆరోగ్యం గురించి ప్రశ్నలడిగితే బాధ్యత గల మనిషి చేయాల్సింది అదే. ఫారం ఆ ఆలోచననే జవాబు కింద రాసేసుకుంది. ఆ కాగితం రేపు డాక్టరు ముందుకు వెళ్తుంది. లేని నొప్పి ఉందని పడితే అక్కర్లేని పరీక్షలు రాస్తారు. ఉన్న నొప్పి లేదని పడితే అంతకన్నా ప్రమాదం. ఇంకో సంగతేంటంటే, చకచకా ఆలోచించకుండా నింపేవాళ్ళకు ఈ పద్ధతిలో తప్పులు తక్కువ పడతాయి. ఆగి ఆగి జాగ్రత్తగా చదివేవాళ్ళకే ఎక్కువ పడతాయి. జాగ్రత్త పడినవాణ్ణి దెబ్బతీసే ఫారం కన్నా అన్యాయం ఏముంటుంది?

బిల్ బక్స్‌టన్ అనే కంప్యూటర్ పరిశోధకుడు 1990లో మౌసు లాంటి పరికరాల పనితీరును మూడు స్థితులుగా విడగొట్టి చెప్పాడు. ఒకటి, పరికరం తెరకు అందనంత దూరంగా ఉన్న స్థితి. రెండోది, ఎక్కడున్నామో తెర మీద కనిపిస్తూ ఇంకా ఏమీ జరగని స్థితి. మూడోది, బటన్ నొక్కి పట్టుకున్న స్థితి. మౌసుకు ఉన్న వరమంతా ఆ రెండోదే. ఎక్కడికైనా వెళ్ళొచ్చు, దేని మీదైనా నిలబడొచ్చు, ఏదీ జరగదు. చిక్‌పేటలో చీరల కొట్టుకు వెళ్తే పది చీరలు విప్పించి, అంచు పట్టుకు చూసి, జరీ వేలితో రుద్ది చూసి, పక్కన పెట్టించి మళ్ళీ మొదటిది తీయించుకుంటాం. ముట్టుకున్నంత మాత్రాన కొట్టతను బిల్లు రాయడు. రాస్తే ఇక ఏ చీరా ముట్టుకోం. ఆపితే ఎంపికయ్యే ఫారంలో పెద్దనాన్న పరిస్థితి సరిగ్గా అదే అయింది. ఆ తర్వాత ఆయన మౌసు మీంచి చెయ్యి తీసేసి కళ్ళతో చదవడం మొదలుపెట్టారు. వరస తప్పిపోయి, చదివిందే రెండోసారి చదివారు.

సమయం పెంచితే పోదా?

నేను అభ్యంతరం చెప్పినప్పుడు వెంటనే వచ్చిన సమాధానం ఇదే. అరసెకను తక్కువైతే సెకనున్నర చేద్దాం అని.

ఈ ఇరకాటం మౌసు కన్నా ముందు కళ్ళతో నడిపే కంప్యూటర్ల దగ్గర బాగా తెలిసొచ్చింది. చూపుతో తెరమీది వస్తువులను ఎంచుకోవడం మీద రాబర్ట్ జేకబ్ అనే పరిశోధకుడు 1990లో రాసినప్పుడు దీనికి, ముట్టుకున్నదల్లా బంగారమైపోయే గ్రీకు కథలోని మిడాస్ రాజు పేరు పెట్టాడు. చూసినదల్లా ఎంపికైపోతే ఇక దేన్నీ ఊరికే చూడలేం. మన భస్మాసురుడి చెయ్యి కూడా అలాంటి వరమే. దానికి అతను వాడిన ఉపాయం కొంతసేపు చూపు నిలిస్తేనే ఎంపిక అనడం. తప్పు పడినా చిటికెలో వెనక్కి తీసుకోగలిగిన చోట 150 నుంచి 250 మిల్లీసెకన్లు సరిపోతుందన్నాడు. ఆ షరతు చూడండి, తప్పుకు ఖరీదు లేనిచోట అని. ఖరీదున్న చోట సమయం పెంచక తప్పదు, పెంచేకొద్దీ వేగం పోతుంది.

మా ఫారానికి సెకనున్నర పెడితే, జవాబు తెలిసిన మనిషి ప్రతి ప్రశ్న దగ్గరా మౌసును కదపకుండా బిగబట్టుకుని నిలబడాలి. క్లిక్కయితే అందులో పదోవంతులో అయిపోయేది. పెద్దనాన్న లాంటి వాళ్ళకు సెకనున్నర కూడా చాలదు, ఆయన పెద్దమ్మను అడిగి జవాబు తెచ్చుకోవడానికి పది సెకన్లు పట్టింది. ఇద్దరికీ సరిపోయే అంకె ఏదీ లేదు. ఎందుకంటే మనం కొలుస్తున్నది మనిషి నిర్ణయాన్ని కాదు, చెయ్యి నిలకడని. చేతులు వణికేవాళ్ళ సంగతి సరేసరి, వాళ్ళ కర్సర్ ఎంచుకోవాలనుకున్న చోటే నిలవదు.

క్లిక్‌లో మనం గుర్తించని ఇంకో మేలుంది. తప్పు జవాబు మీద బటన్ నొక్కేశారనుకోండి. వేలు ఎత్తకుండా అలాగే మౌసును పక్కకు లాగి, ఖాళీ జాగాలో వదిలిపెట్టండి. ఏమీ జరగదు. ఎంపికయ్యేది నొక్కినప్పుడు కాదు, అక్కడే వదిలినప్పుడు. వెబ్ అందరికీ అందాలని రాసుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 2018 నాటి 2.1 వెర్షన్ దీన్ని 2.5.2 నిబంధనగా పెట్టింది. ఒక వేలు కిందికీ పైకీ కదిలే ఆ చిన్న వ్యవధిలో మనసు మార్చుకునే అవకాశం ఉంది. నొక్కకుండా కర్సర్‌ను మీద నిలిపే ఈ హోవర్ పద్ధతిలో మనసు మార్చుకోవాలంటే వలయం నిండేలోపు పారిపోవడమే దారి.

వదిన మణికట్టు

ఇంతవరకూ నాకు సందేహం లేదు. సందేహం పెట్టింది మా వదిన.

వదిన ఇక్కడే బొమ్మనహళ్ళి వైపు ఒక ఆఫీసులో ఇన్సూరెన్సు కాగితాల డేటా ఎంట్రీ చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిక్కులు పెట్టడమే పని. సాయంత్రం ఇంటికొచ్చాక కుడి మణికట్టుకు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటుంది. ఈ నమూనా చూపించి, ఇది వద్దని ఆఫీసులో గొడవపడ్డానని చెబితే ఆమెకు కోపమొచ్చింది. "నీకేం తల్లీ, కోడు రాసుకునేదానివి. చూపుడువేలు ఎత్తలేక ఎడంచేత్తో మౌసు పట్టుకున్న రోజులున్నాయి నాకు. నొక్కక్కర్లేదంటే అంతకన్నా ఏం కావాలి?" అంది.

ఆ మాటకు నా దగ్గర చప్పున సమాధానం లేకపోయింది. క్లిక్కును మనసు మార్చుకునే అవకాశమంటూ నేను పొగుడుతున్నాను, అదే క్లిక్కు ఆమెకు నొప్పి. ఆమె చెయ్యి ముందు నా సిద్ధాంతాలకు విలువేముంది?

ఇంట్లో అన్నయ్య ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద హోవర్ క్లిక్ అని ఒక స్విచ్చుంటుంది. మ్యాక్‌లో దాన్నే డ్వెల్ కంట్రోల్ అంటారు. అది వేసి ఆమెకిచ్చాను. ఎంతసేపు ఆగితే నొక్కినట్టో ఆమే జరుపుకుని పెట్టుకుంది, ఎంతవరకు కదిలితే ఇంకా ఆగినట్టే లెక్కో అదీ పెట్టుకుంది. సింగిల్ క్లిక్కా, డబుల్ క్లిక్కా, లాగడమా అన్నది ఎంచుకోవడానికి ఓ చిన్న కిటికీ తెర మీద ఉంటుంది. మొదట్లో చదవడానికి ఆగినచోటల్లా క్లిక్కులు పడ్డాయి, పెద్దనాన్నకు పడ్డట్టే. కానీ అది తన మిషను, తన నియమం. చదివేటప్పుడు కర్సర్‌ను పేజీ అంచున తెల్లజాగాలో నిలపాలని ఆమే కనిపెట్టింది. రెండు సాయంత్రాలు గడిచేసరికి చెయ్యి దానికి అలవాటు పడింది. అన్ని సైట్లలోనూ ఒకే పద్ధతి, ఒకే వేగం.

ఆ అమరికతోనే మా నమూనా తెరిచింది. అసలు తమాషా అప్పుడు బయటపడింది. "ఏ మందులు వాడుతున్నారు" అన్నచోట చెక్‌బాక్సులున్నాయి. కర్సర్ ఆగిన అరసెకనుకు మా పేజీ టిక్కు పెట్టింది. ఇంకో అరసెకనుకు ఆమె మిషన్ తన క్లిక్కు తాను కొట్టింది. టిక్కు పోయింది. ఆమె కదల్చి మళ్ళీ ఆగింది. పడింది, పోయింది. ఏ మందుకూ టిక్కు నిలవదు. క్లిక్కుల శ్రమ తప్పించడానికే అని మేం చెప్పుకున్న సదుపాయం, నిజంగా క్లిక్ చేయలేక ఏర్పాటు చేసుకున్న మనిషినే ముందు ఆపేసింది. ఆమె మిషన్‌లో అలాంటి ఏర్పాటుందని పేజీకి తెలిసే దారి కూడా లేదు.

ఇక్కడితో నేను గెలిచానని చెప్పను. వదిన ఆఫీసు కంప్యూటర్లో సెట్టింగులన్నీ తాళం వేసి ఉంటాయి. ఐటీ వాళ్ళు ఏదీ మార్చనివ్వరు. నీ మిషన్‌లో పెట్టుకో అనే నా సలహా ఇంట్లో పనికొస్తుంది, నొప్పి పుట్టే చోట పనికిరాదు. ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే ఆమె రోజంతా చేసే పనిని పక్కన కూర్చుని అడిగితే ఇంకో సంగతి తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో టిక్కు పెట్టెలు మామూలు చెక్‌బాక్సులు కావు, అందంగా ఉండాలని ఎవరో సొంతంగా గీసినవి. ట్యాబ్ కీకి కదలవు, స్పేస్‌బార్‌కు పలకవు. బ్రౌజరు ఉచితంగా ఇచ్చే చెక్‌బాక్సయితే కీబోర్డుతోనే పని జరిగిపోయేది. మౌసు పట్టుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆమె మణికట్టుకు కావాల్సింది క్లిక్కు బదులు హోవర్ కాదు. క్లిక్కులే తగ్గడం.

మా ఫారానికి కూడా మందు అదే. వరసలో ఎక్కడ నొక్కినా ఎంపికయ్యేలా లేబుల్‌ను పెట్టెకు కట్టడం, కీబోర్డు అక్షరంతో అవును, కాదు పెట్టుకోనివ్వడం, షుగరు లేదన్నవాళ్ళకు షుగరు మందుల ప్రశ్నలన్నీ ఎగిరిపోవడం. అరవై ప్రశ్నలు చాలామందికి ముప్ఫై కూడా ఉండవు. చప్పట్లు పడే పని కాదిది, నిజమే.

మన ఒంటిని కొలతగా పెట్టుకుంటే

టచ్‌స్క్రీన్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోనులో వేలు తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. బక్స్‌టన్ చెప్పిన ఆ రెండో స్థితి మామూలు ఫోన్లలో లేనేలేదు. కళ్ళు లేక, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడరుతో వినేవాళ్ళకు కర్సర్‌తో పనే ఉండదు. వాళ్ళకెలాగూ వేరే దారి పెట్టాల్సిందే కదా, మౌసువాళ్ళకు మాత్రం ఇది ఎందుకు?

దీనికన్నా నన్ను కదిలించింది బ్యాంకుల కేవైసీ మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పు, ప్రజ్ఞా ప్రసూన్ కేసు. కెమెరా ముందు కన్ను ఆర్పితేనే మీరు బతికున్న మనిషని నమ్ముతాం అన్నది అక్కడి పద్ధతి. యాసిడ్ దాడిలో కనురెప్పలు కాలిపోయినవాళ్ళు ఎలా ఆర్పుతారు? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఆ కేవైసీ తయారుచేసినవాళ్ళు దుర్మార్గులు కారు. రెప్ప ఆర్పడం ఎవరికైనా వచ్చు కదా అనుకున్నారు. చెయ్యి ఆగిందంటే నిర్ణయించుకున్నట్టే కదా అని మేం అనుకోవడం కూడా ఆ జాతిదే. మన ఒంటి కదలికను అందరికీ కొలతగా పెట్టేసి, దానికొక అర్థాన్ని మనమే నిర్ణయించేశాం.

చివరి పెట్టె

వాదన ఇప్పుడు ఎక్కడుందో చెబుతాను. హోవర్ చేస్తే వరస రంగు మారడం, కష్టమైన మాటకు అర్థం కనిపించడం ఉంచాం. సినిమాకు రేటింగిచ్చే చోట నక్షత్రాల మీద మౌసు జరిపితే అవి వెలుగుతాయి, నొక్కితేనే నిలుస్తాయి. ఆ హద్దు బాగుంటుందని అందరం ఒప్పుకున్నాం. మా డిజైనర్ మాత్రం ఒక్కటి వదల్లేదు. క్లిక్ లేకుండా నింపుతాను అన్న స్విచ్చు ఫారంలోనే పెడదాం, మామూలుగా ఆపే ఉంచుదాం, తాళాలు వేసిన ఆఫీసు కంప్యూటర్ల వాళ్ళకు పనికొస్తుంది అన్నాడు. వదిన మాట విన్నాక నేను దానికి కాదనలేకపోతున్నాను. వేగం మనిషే పెట్టుకోవాలి, పేజీ తనంతట తాను ముందుకు జరగకూడదు, వేసిన జవాబులన్నీ పంపేముందు ఒక్కచోట చూపించాలి. ఈ మూడూ ఉంటే సరే అన్నాను.

ఆ స్విచ్చు వేసుకున్నవాళ్ళకు కూడా ఒకచోట మాత్రం పేజీ హోవర్‌ను ఒప్పుకోను. ఫారం అడుగున "నా ఆరోగ్య వివరాలను వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను" అని ఒక పెట్టె ఉంది. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళు పెళ్ళిచూపుల్లో అన్నా, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అలా ఊరుకోదు. దాని 6వ సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, సందేహానికి తావులేకుండా, స్పష్టంగా తెలిసే ఒక చర్య ద్వారా ఇవ్వాలి. వదిన తన మిషన్‌లో హోవర్ క్లిక్ పెట్టుకుని ఆ పెట్టె మీద ఆగితే అది ఆమె చర్యే. ఆగితే నొక్కినట్టని నియమం పెట్టుకున్నది ఆమె, ఆ మిషన్ పంపేది నిజమైన క్లిక్కే. మా పేజీ తానుగా లెక్క కట్టుకుని, ఇంతసేపు ఆగారు కాబట్టి ఒప్పుకున్నారు అని రాసుకుంటే, అందులో మనిషి చేసిన పని ఏదీ లేదు. ఆ పెట్టెలో అంత చిన్న అక్షరాల్లో అంత పొడుగు వాక్యం మేమే రాశాం. దాన్ని చదవాలంటే ఎవరైనా అక్కడ ఆగాల్సిందే.

డిజైనర్ దీనికి ఇంకా ఒప్పుకోలేదు. అంతా హోవర్‌తో నింపించి చివర్లో నొక్కమంటే, నొక్కలేనివాళ్ళు అక్కడే ఇరుక్కుపోతారు కదా అంటున్నాడు. సరైన ప్రశ్నే. అందుకే ఆ పెట్టె బ్రౌజరు సొంత చెక్‌బాక్సుగానే ఉండాలని పట్టుబట్టాను. స్పేస్‌బార్‌కు పలుకుతుంది, గొంతుతో నడిపే సాఫ్ట్‌వేర్‌కు పలుకుతుంది, వదిన మిషన్ క్లిక్కుకూ పలుకుతుంది. తాళం వేసిన కంప్యూటర్లోనైనా ఒక కీ నొక్కే దారి మిగులుతుంది. కీ కూడా నొక్కలేనివాళ్ళకు కౌంటరు దగ్గర మనిషి చదివి వినిపించి, నోటితో అడిగి, టిక్కు పెట్టాలి. ఆ వరస కూడా ఫారంతో పాటు రాసిపెట్టమని ఆసుపత్రి వాళ్ళకు పంపుతున్నాం.